ఆరువేలూ ఆరువేలూ కలిపితే

బెంగళూరు,
ఏప్రిల్ ఎండల్లో

పిల్లలూ, ఆశీస్సులు.

మారతహళ్లి నుంచి ఏడో తరగతి పాప ఒక ప్రశ్న పంపింది. "తాతయ్యా, మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే నీళ్ల ట్యాంకర్ల లెక్క కోసం నేనే ఒక పేజీ తయారు చేశాను. పొద్దున ఆరువేల లీటర్ల లోడు వచ్చింది, సాయంత్రం ఇంకో ఆరువేలు. మొత్తం చూస్తే 60006000 అని చూపిస్తోంది. కంప్యూటర్‌కి కూడికలు రావా?"

బోర్లు అడుగంటే నెల ఇది. సంపులో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో పిల్లలకి కూడా తెలిసిపోయే రోజులు. ఇలాంటప్పుడు ట్యాంకర్ల లెక్క రాసే పేజీ కన్నా పనికొచ్చే ప్రోగ్రాం ఇంకోటి ఉండదు. అందుకే ఈ ఉత్తరమంతా దాని గురించే.

కంప్యూటర్‌కి కూడికలు వచ్చు తల్లీ. నువ్వు దానికి సంఖ్యలు ఇవ్వలేదు, అక్షరాలు ఇచ్చావు. పేజీలో నువ్వు పెట్టిన పెట్టెలో ఏం కొట్టినా అది అక్షరాల వరుసగానే బయటికొస్తుంది. పెట్టె రకం 'నంబర్' అని రాసినా అంతే. పేజీకి పనులు చెప్పే భాష పేరు జావాస్క్రిప్ట్. జావాస్క్రిప్ట్‌లో ప్లస్ గుర్తుకి రెండు పనులున్నాయి. సంఖ్యలిస్తే కూడుతుంది, అక్షరాలిస్తే పక్కపక్కన అతికిస్తుంది. 'రామ' పక్కన 'య్య' చేరితే రామయ్య అయినట్టు, '6000' పక్కన '6000' చేరింది. పెట్టెలోంచి తీసిన విలువని ముందు సంఖ్యగా మార్చే 'నంబర్' అనే ఫంక్షన్‌లో వేసి, ఆ తర్వాత కూడు. 12000 వస్తుంది.

అక్కడితో అయిపోతుందా అంటే అవదు. పెట్టె ఖాళీగా వదిలి బటన్ నొక్కితే ఆ ఫంక్షన్ సున్నా ఇస్తుంది, నీళ్లు లేని లోడు ఒకటి లెక్కలో చేరుతుంది. మామూలు టెక్స్ట్ పెట్టెలో 6,000 అని కామాతో కొడితే 'సంఖ్య కాదు' అనే విలువ వస్తుంది. ఇంగ్లీషులో దాన్ని ఎన్, ఏ, ఎన్ అని మూడక్షరాలతో చూపిస్తారు. ఒక్కసారి అది మొత్తంలో కలిసిందంటే పాలలో ఉప్పు పడ్డట్టే, ఆ తర్వాత ఎన్ని మంచి సంఖ్యలు కలిపినా అదే మిగులుతుంది. కాబట్టి నా మాట విని ఆ పెట్టె తీసేయండి. ట్యాంకర్లు వచ్చేది మూడు నాలుగు సైజుల్లోనే కదా. 6000, 8000, 12000 అని మూడు బటన్లు పెట్టండి. ఒక్కోటి కనీసం 48 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి, తడి చేత్తో నొక్కేది వాచ్‌మన్ అన్న. నొక్కగానే 'నమోదైంది' అని కనిపించాలి. ఏమీ కనిపించకపోతే ఆయన మళ్లీ నొక్కుతాడు, ఒక లోడు రెండవుతుంది. చివరి నమోదుని తీసేసే బటన్ కూడా ఒకటి ఉండాలి.

ఇప్పుడు మీ వంటింటి తలుపు వెనక ఉండే పాల లెక్క క్యాలెండరు చూడండి. పేజీలోని మూడు భాగాలూ అందులో కనిపిస్తాయి. గళ్లు గీసి అచ్చేసిన కాగితం హెచ్‌టీఎంఎల్. ఆదివారం ఎర్రగా ఉండాలి, అంకె ఇంత లావుండాలి అనేది సీఎస్ఎస్. దారం కట్టి వేలాడదీసిన పెన్సిలు అందుకుని, పాలు పోయించుకోగానే గడిలో లీటరు, అరలీటరు రాసే అమ్మ చెయ్యి జావాస్క్రిప్ట్. మూడిటికీ మూడు ఫైళ్లు, ఒకే ఫోల్డరులో. మొదటి రోజు అంతా ఒకే ఫైల్లో రాసుకున్నా తప్పు లేదు, వంద వరుసలు దాటాక విడదీయండి.

మా చిన్నప్పుడు పల్లెల్లో క్యాలెండరు కూడా అక్కర్లేదు. పాలామె గుమ్మం పక్క గోడ మీద బొగ్గుతో పూటకో గీత గీసి పోయేది. పండక్కి వెల్ల వేసేముందు లెక్క తేల్చుకోవాలి, లేకపోతే నెల గీతలన్నీ సున్నం కింద పోతాయి. ఈ గోడ గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

పనిముట్లకి ఒక్క రూపాయి ఖర్చు లేదు. రాయడానికి వీఎస్‌కోడియం, చూడడానికి ఫైర్‌ఫాక్స్, పేజీని వడ్డించడానికి పైథాన్. మూడూ ఓపెన్ సోర్స్. అంటే క్యాలెండరుతో పాటు దాని అచ్చుదిమ్మ కూడా మన చేతికిచ్చారన్నమాట. ల్యాప్‌టాప్ లేని పిల్లలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్‌ల అంగడి నుంచి, ఆదేశాలు కొట్టే టర్మక్స్ యాప్ వేసుకుని, అందులో పైథాన్ పెట్టుకోవచ్చు.

ఫోల్డరులో టెర్మినల్ (ఆదేశాలు కొట్టే తెర) తెరిచి ఈ ఆదేశం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి: పైథాన్3, ఖాళీ, డాష్ ఎం, ఖాళీ, హెచ్‌టీటీపీ చుక్క సర్వర్, ఖాళీ, 8000. తర్వాత బ్రౌజరులో లోకల్‌హోస్ట్, రెండు చుక్కలు, 8000 అని తెరవండి. లోకల్‌హోస్ట్ అంటే మీ కంప్యూటరే, 8000 అంటే పోర్టు, దాని గుమ్మం నంబరు. విండోస్‌లో పైథాన్ పక్కన 3 అక్కర్లేదు. ఫైలుని నేరుగా డబుల్ క్లిక్ చేసినా పేజీ కనిపిస్తుంది గానీ, తర్వాత నేను చెప్పబోయే సంపు పని చేయదు.

పేజీ తలభాగంలో రెండు వరుసలు తప్పనిసరి. అక్షరాలు యూటీఎఫ్-8లో (అన్ని లిపులనీ దాచే పద్ధతి) ఉన్నాయని చెప్పేది మొదటిది, దాన్ని అన్నిటికన్నా పైన పెట్టండి. అది లేకపోతే తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు రావచ్చు. రెండోది, పేజీని ఫోను వెడల్పుకి సర్దమని చెప్పే వ్యూపోర్ట్ వరుస. అది లేకపోతే ఫోను మీ పేజీని 980 పిక్సెళ్ల వెడల్పున్న పేజీ అనుకుని కుదించేస్తుంది, బటన్లు చీమల్లా కనిపిస్తాయి. ఇంకోమాట, తెలుగుకి వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. 'లెక్క'లో క ఒత్తు కింది వరుసని తగులుతుంది. సీఎస్ఎస్‌లో లైన్-హైట్ 1.6కి తగ్గకుండా పెట్టండి.

ఇక లెక్క ఎక్కడ దాచాలి? బ్రౌజరులోనే లోకల్ స్టోరేజ్ అని ఒక చోటుంది. మన క్యాలెండరు వేలాడేది అక్కడే. అది కూడా అక్షరాలు తప్ప ఇంకేమీ తీసుకోదు. ప్రతి లోడునీ తేదీ, లీటర్లు, ధర ఉన్న ఒక పొట్లంగా కట్టి, పొట్లాలన్నిటినీ ఒక వరుసలో పెట్టి, జేసన్ స్ట్రింగిఫైతో అక్షరాలుగా మార్చి దాచాలి. తీసేటప్పుడు జేసన్ పార్స్‌తో విప్పాలి. మొట్టమొదటిసారి అక్కడ ఏమీ ఉండదు, 'నల్' వస్తుంది. అలా వస్తే ఖాళీ వరుసతో మొదలుపెట్టమని ముందే రాసుకోండి. చోటు చాలదేమో అని భయపడకండి. రోజుకి నాలుగు లోడ్లయితే ఏడాదికి 1,460. ఒక్కో పొట్లం 60 అక్షరాలనుకుంటే మొత్తం 87,600. బ్రౌజర్లు ఒక్కో సైటుకి ఇచ్చే చోటు సుమారు 5 మెగాబైట్లు.

భయపడాల్సింది వేరే ఉంది. ఒకరి వంటింటి క్యాలెండరు పక్కింట్లో కనిపించదు కదా, ఫైర్‌ఫాక్స్‌లో రాసిన లెక్క క్రోమియం అనే ఇంకో బ్రౌజరులో కనిపించదు. లోకల్‌హోస్ట్ అని తెరిచి రాసినది అదే కంప్యూటరుకి ఇంకో పేరైన 127.0.0.1 అని తెరిస్తే ఉండదు. పోర్టు 8000 బదులు 8080 పెట్టినా ఇల్లు మారినట్టే. చాలామంది పిల్లలు "లెక్కంతా పోయింది" అని ఏడ్చేది ఇక్కడే. పోలేదు, పాత ఇంటి గోడకే వేలాడుతోంది. నిజంగా పోయేది బ్రౌజరు డేటా చెరిపేసినప్పుడు. అదే వెల్ల వేయడం. అందుకే నెలకోసారి లెక్కని, గళ్ల మధ్య కామాలు పెట్టిన పట్టికలా ఉండే సీఎస్‌వీ ఫైలుగా దించుకునే బటన్ పెట్టండి. తెలుగు ఉన్న సీఎస్‌వీని ఎక్సెల్ తప్పుగా చదవొచ్చు, ఫైలు మొదట్లో బామ్ అనే కనపడని గుర్తు చేరిస్తే సరిగా చదువుతుంది. లిబ్రెఆఫీస్ అయితే ఏ లిపి అని అదే అడుగుతుంది, యూటీఎఫ్-8 ఎంచుకోండి.

ధరని కూడా పొట్లంలో దాచమన్నాను, దానికి కారణముంది. 2024 మార్చిలో నీళ్లకి కటకటలాడినప్పుడు బెంగళూరు నగర జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకి ధరలు కట్టింది. 5 కిలోమీటర్లలోపు 6,000 లీటర్లకి ₹600, 8,000కి ₹700, 12,000కి ₹1,000. ఇలా ధరలు మారుతూనే ఉంటాయి. ప్రోగ్రాంలో ఒక్కచోట ధర రాసి, దానితో లోడ్లన్నిటినీ గుణించారనుకోండి, ధర మార్చిన రోజున పోయిన నెల బిల్లు కూడా మారిపోతుంది. కట్టేసిన డబ్బు మారకూడదు. ఆ రోజు ధర ఆ పొట్లంలోనే ఉండాలి.

తేదీ సంగతి అన్నిటికన్నా గమ్మత్తు. తెల్లవారుజామున 5 గంటలకి లోడు వచ్చింది, వాచ్‌మన్ అన్న బటన్ నొక్కాడు, నిన్నటి తేదీ పడింది. 5:45కి ఇంకో లోడొస్తే దానికి ఇవాళ్టి తేదీయే పడింది. ఫోన్‌లో గడియారం సరిగ్గానే ఉంది. మరి తప్పెక్కడ? తేదీని 'టు ఐఎస్‌ఓ స్ట్రింగ్' అనే పద్ధతితో తీశారు. అది ప్రపంచ సమయంలో చెబుతుంది, మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. అర్ధరాత్రి నుంచి 5:30 దాకా మనకి ఇవాళ, దానికి ఇంకా నిన్న. సంవత్సరం, నెల, రోజు విడివిడిగా తీసుకుని మీరే కలపండి. కలిపేటప్పుడు నెలకి ఒకటి చేర్చడం మరవకండి, జావాస్క్రిప్ట్‌కి జనవరి సున్నా. పగలంతా ఎన్నిసార్లు పరీక్షించినా ఈ తప్పు దొరకదు. ల్యాప్‌టాప్ గడియారాన్ని తెల్లవారుజాము 4కి తిప్పి చూడండి.

ఇప్పుడు సంపు. కావేరి నీళ్లు పైపులో వచ్చినప్పుడు సంపు నింపుకుంటాం, రానప్పుడు మోటారు సంపులోంచే తోడుతుంది. బ్రౌజరులో వెనకాల నడిచే సర్వీస్ వర్కర్ అనే చిన్న ప్రోగ్రాం అచ్చంగా ఆ పనే చేస్తుంది. నెట్ ఉన్నప్పుడు మీ ఫైళ్లని నింపి పెట్టుకుంటుంది, బేస్‌మెంట్‌లో సిగ్నల్ లేకపోయినా పేజీ తెరుస్తుంది. మూడు ఇబ్బందులు చెబుతాను. నింపమని ఇచ్చిన జాబితాలో ఒక్క ఫైలు పేరు తప్పినా మొత్తం నింపడమే ఆగిపోతుంది. విండోస్‌లో ఫైలు పేరు పెద్దక్షరాల్లో ఉన్నా చిన్నక్షరాల్లో ఉన్నా తేడా పడదు, లైనక్స్ సర్వర్‌లో పడుతుంది. అందుకని పేర్లన్నీ చిన్నక్షరాల్లోనే పెట్టుకోండి. ఇక మీరు పేజీ మార్చినా పాతదే కనిపిస్తోందంటే సంపు కడగలేదన్నమాట. నిల్వ పేరు చివర అంకె మార్చి, పాత నిల్వని తీసేయమని రాయాలి. మూడోది, ఇది భద్రమైన హెచ్‌టీటీపీఎస్ మీద గానీ లోకల్‌హోస్ట్ మీద గానీ తప్ప నడవదు. వైఫైలో 192తో మొదలయ్యే చిరునామా ఫోన్‌లో కొడితే పేజీ వస్తుంది, సంపు రాదు. యూఎస్‌బీ తీగ పెట్టి, ఆండ్రాయిడ్ ఫోన్‌ని కంప్యూటరుతో మాట్లాడించే ఏడీబీ పనిముట్టులోని రివర్స్ ఆదేశంతో 8000 పోర్టుని ఫోన్‌కి కలిపితే ఫోనుకి కూడా అది లోకల్‌హోస్టే అవుతుంది. ఆ పైన 192, 512 పిక్సెళ్ల బొమ్మలు రెండు, యాప్ పేరూ బొమ్మలూ ఏవో చెప్పే మేనిఫెస్ట్ ఫైలు ఒకటి చేరిస్తే యాప్‌లా ఫోన్ తెర మీద కూర్చుంటుంది.

పని కుదిరాక గిట్‌లో దాచుకోండి. గిట్ అంటే అటక మీద కట్టలు కట్టిన పాత క్యాలెండర్లు, ఏ రోజు ఏం రాశారో తీసి చూడొచ్చు. కానీ అటక మీదకి వెళ్లినది అంత తేలిగ్గా చెరగదు. ట్యాంకరు డ్రైవరు ఫోన్ నంబరు ఒకసారి ఫైల్లో రాసి దాచి, మర్నాడు చెరిపేసినా పాత కట్టలో ఉంటుంది. అందరికీ కనిపించే చోట పెట్టేముందు అది చూసుకోవాలి. మనుషుల నంబర్లు మన ఇష్టం వచ్చినట్టు పంచేవి కావు. నెట్‌లో ప్రోగ్రాంలు పంచుకునే సైటు గిట్‌హబ్‌లో ఖాతాకి 13 ఏళ్లు నిండాలి, అంతకన్నా చిన్నవాళ్లు సొంత ఖాతా తెరవకుండా, అమ్మనో నాన్ననో వాళ్ల ఖాతాలో పెట్టమనండి. ఎవరైనా వాడుకోవచ్చని చెప్పే ఎంఐటీ లైసెన్సు ఫైలు ఒకటి చేర్చండి. అది లేకపోతే మీరు చూడనిచ్చినట్టే గానీ వాడుకోనిచ్చినట్టు కాదు. 1993 ఏప్రిల్ 30న జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రం వాళ్లు వెబ్‌ని అందరికీ ఉచితంగా వదిలేశారు. ఇవాళ మారతహళ్లిలో ఒక పాప ఎవర్నీ అడక్కుండా పేజీ రాస్తోందంటే ఆ రోజు వల్లే. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక ఉత్తరం పక్కన పెట్టి పేజీ తెరవండి. ఒక లోడు నమోదు చేసి ఎఫ్12 నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో స్టోరేజ్, క్రోమియంలో అప్లికేషన్ అనే చోట లోకల్ స్టోరేజ్ ఉంటుంది. మీ పొట్లం అక్కడ అక్షరం అక్షరంగా కనిపిస్తుంది. లీటర్ల పక్కన ఉన్న 6000కి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు ఉన్నాయో లేవో చూడండి. ఉంటే అది ఇంకా అక్షరమే. చూసి నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య