మయోసైటిస్‌లో స్కాన్లు: అపోహలు - వాస్తవాలు

కండరాల వాపు వ్యాధి, అంటే మయోసైటిస్ ఉన్నవాళ్ల స్కాన్లు చదవడం రేడియాలజిస్టుగా నా పనిలో భాగం. రిపోర్టు చేతికి రాగానే చాలామంది "నార్మల్" అనే మాట ఉందా లేదా అని చూస్తారు. ఈ జబ్బులో ఆ ఒక్క మాటతో తేలేది తక్కువ. డాక్టర్ ఏ సందేహం తీర్చుకోవడానికి స్కాన్ రాశారో తెలిస్తేనే రిపోర్టుకు అర్థం ఉంటుంది.

అపోహ: ఎంఆర్ఐలో కండరం బాగాలేదని వస్తే జబ్బు తగ్గలేదనే, మందు పెంచాల్సిందే.

అన్నిటికంటే ఎక్కువ హాని చేసే అపోహ ఇదే. ఎంఆర్ఐలో కండరాన్ని ముఖ్యంగా రెండు రకాల చిత్రాల్లో చూస్తాం. టీ1 చిత్రంలో కొవ్వు తెల్లగా కనిపిస్తుంది. స్టిర్ అనే చిత్రంలో ఆ కొవ్వు తెలుపును అణిచేస్తాం కాబట్టి నీరు చేరిన చోటు బయటపడుతుంది. ఈ నీరు చేరడాన్నే రిపోర్టులో ఎడిమా అని రాస్తాం. మయోసైటిస్ అని తేలినవాళ్లలో ఎడిమా ఉంటే వాపు ఇప్పుడు నడుస్తోందని, మందులతో తగ్గే అవకాశం ఉందని అర్థం. కండరం పోయి ఆ చోట కొవ్వు చేరి ఉంటే అది ఎప్పుడో జరిగిన నష్టం. స్టెరాయిడ్ ఎంత పెంచినా ఆ కొవ్వు తిరిగి కండరం కాదు.

ఇద్దరు పేషెంట్లు కుర్చీలోంచి ఒకేలా కష్టపడి లేస్తుండవచ్చు. ఒకరి తొడలో ఎడిమా, మరొకరి తొడలో కొవ్వు. మొదటివారి మందుల గురించి మళ్లీ ఆలోచించాలి. రెండోవారికి మిగిలిన కండరాన్ని బలపరిచే వ్యాయామం, ఫిజియోథెరపీయే ఆధారం. మూడో అవకాశం కూడా ఉంది: నెలల తరబడి వాడిన స్టెరాయిడ్ వల్లే బలం తగ్గడం. అప్పుడు స్టిర్‌లో సాధారణంగా ఎడిమా కనిపించదు, డాక్టర్ డోసు తగ్గించే దిశగా ఆలోచిస్తారు. రిపోర్టులో ఎడిమా ఎంత, కొవ్వు ఎంత అన్నది విడివిడిగా రాయకపోతే అడగండి. ఆ రెండూ తెలుసుకోవడం మీ హక్కని నేను నమ్ముతాను.

అపోహ: ఎడిమా కనిపించాక బయాప్సీ (కండరం ముక్క తీసి పరీక్షించడం) దేనికి?

ఎడిమా ఒక్క మయోసైటిస్‌కే రాదు. కఠినమైన వ్యాయామం, దెబ్బ, ఇన్ఫెక్షన్, నరం దెబ్బతినడం, వంశపారంపర్యంగా వచ్చే కొన్ని కండర జబ్బులు, వీటన్నిటిలోనూ ఉండొచ్చు. స్కాన్‌కు ముందు రోజుల్లో బాగా వ్యాయామం చేసినా, కండరాల్లోని విద్యుత్ చర్యను చూసే ఈఎంజీ పరీక్షకు సూదులు గుచ్చినా ముందే చెప్పమనేది అందుకే. 2017లో యూరప్, అమెరికా రుమటాలజీ సంఘాలు (యూలార్, ఏసీఆర్) ఇచ్చిన వర్గీకరణ ప్రమాణాల్లో బయాప్సీ ఉంది గానీ ఎంఆర్ఐ లేదు. అలాగని బయాప్సీకి ఎంఆర్ఐ పోటీ కాదు, తోడు. వాపు కండరమంతా ఒకేలా ఉండదు, అక్కడక్కడా మచ్చల్లా ఉంటుంది. ఎక్కడి నుంచి ముక్క తీస్తే జబ్బు దొరుకుతుందో స్కాన్ చూపిస్తుంది. ఏ కండరాలు దెబ్బతిన్నాయన్నదీ ఆనవాలే. తొడ ముందు కండరాలు, వేళ్లు ముడిచే ముంజేతి కండరాలు, అదీ రెండు వైపులా సమానంగా కాకుండా దెబ్బతింటే ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్ అనే రకం గుర్తొస్తుంది.

అపోహ: సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) నార్మల్‌గా ఉంటే ఎంఆర్ఐ అక్కర్లేదు.

ముఖ్యంగా చర్మం మీద దద్దుర్లు కూడా వచ్చే రకం, అంటే డెర్మటోమయోసైటిస్‌లో రక్తంలో సీకే పెరగకుండానే కండరంలో వాపు ఉండొచ్చు.

అపోహ: ఎంఆర్ఐ అంటే రేడియేషన్, పైగా ఇంజెక్షన్ ఇస్తేనే సరిగ్గా కనిపిస్తుంది.

ఎంఆర్ఐలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. కండరాల వాపు చూడటానికి చాలాసార్లు కాంట్రాస్ట్ ఇంజెక్షనూ అవసరం లేదు.

అపోహ: కండరాల జబ్బుకు ఛాతీ సీటీ దండగ.

ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా భయమేస్తుంది. మయోసైటిస్‌లో ప్రాణం మీదికి తెచ్చే వాటిలో ఊపిరితిత్తుల వాపు ముఖ్యమైనది. రక్తంలో యాంటీ-జో1 అనే యాంటీబాడీ (సొంత శరీరం మీదే పనిచేసే రోగనిరోధక ప్రోటీన్) ఉన్నవాళ్లలో ఇది తరచుగా వస్తుంది. యాంటీ-ఎండీఏ5 అనే మరో యాంటీబాడీ ఉన్నవాళ్లలో కండరాల బలహీనత పెద్దగా లేకుండానే ఊపిరితిత్తులు కొద్ది వారాల్లో దెబ్బతినవచ్చు. తొలి దశలో మామూలు ఎక్స్‌రే శుభ్రంగా ఉండొచ్చు కాబట్టి ఊపిరితిత్తులను సన్నని పొరలుగా చూపే సీటీ, అంటే హెచ్‌ఆర్‌సీటీ కావాలి. కొన్నిసార్లు బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీస్తాం. వెల్లకిలా పడుకున్నప్పుడు బరువుకు నొక్కుకుపోయిన భాగం కూడా జబ్బులాగే కనిపిస్తుంది, బోర్లా తిప్పితే అది మాయమవుతుంది, నిజమైన జబ్బు అయితే అక్కడే ఉంటుంది. దగ్గు, ఆయాసం కొత్తగా మొదలైతే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

అపోహ: క్యాన్సర్ కోసం స్కాన్ రాశారంటే క్యాన్సర్ ఉన్నట్టే.

ఈ టెన్షన్ ఎందుకొస్తుందో అర్థం చేసుకోగలను. పెద్దవాళ్లలో వచ్చే డెర్మటోమయోసైటిస్‌కు, అందులోనూ టిఫ్1-గామా, ఎన్‌ఎక్స్‌పీ2 యాంటీబాడీలకు క్యాన్సర్‌తో సంబంధం ఉన్న మాట నిజమే. జబ్బు మొదలవడానికి ముందు మూడేళ్లు, తర్వాత మూడేళ్లు ఆ ముప్పు ఎక్కువ. అయినా ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. ఎవరికి ఏ పరీక్షలన్నది వయసు, జబ్బు రకం, యాంటీబాడీలను బట్టి నిర్ణయిస్తారు. ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు మెడ నుంచి కటి దాకా సీటీ తీస్తారు. పిల్లల్లో వచ్చే డెర్మటోమయోసైటిస్‌లో ఈ వెతుకులాట సాధారణంగా అవసరం పడదు.

శరీరంలో గ్లూకోజ్ ఎక్కడ ఎక్కువగా ఖర్చవుతోందో చూపే పెట్-సీటీ స్కాన్ రాస్తే ముందు రోజు బరువులెత్తడం, పరుగెత్తడం మానండి. అలసిన కండరం కూడా గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్కుంటుంది, మాకు అది జబ్బో శ్రమో తేల్చుకోవడం కష్టమవుతుంది.