డెల్టాలో బోరు లోతుకి దింపితే తియ్యనీళ్ళు పడతాయా? అపోహలు - వాస్తవాలు

మొన్న కోనసీమ నుంచి ఒక కొబ్బరి రైతు ఫోన్ చేశారు. 30 అడుగుల ఫిల్టర్ పాయింట్ (పై ఇసుక పొరలోకి దింపే తక్కువ లోతు గొట్టపు బావి) ఎండల్లో సన్నగా వస్తోందని 180 అడుగులకి దింపించారట, ఉప్పు పడింది. "ఇంకో వంద దింపుదామా అండీ, మా బావమరిదికి మెట్టలో అలాగే పడ్డాయి" అన్నారు. భూగర్భ జలాల పనిలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే, రైతు డబ్బు ఎక్కువగా పోయేదీ ఇక్కడే.

అపోహ: ఎంత లోతుకి వెళ్తే అంత మంచి నీళ్ళు.

వాస్తవం: బావమరిది గారిది ద్వారకా తిరుమల వైపు, అక్కడ కింద ఇసుకరాయి ఉంది, లోతు బోర్లు బాగానే పోస్తాయి. డెల్టా అలా కాదండీ, ఇక్కడ పొర మీద పొర ఒండ్రే, ఏ పొర ఏ నీళ్ళలో పేరుకుందో దాన్ని బట్టే రుచి. గోదావరి పాయ జోరుగా పారిన చోట గరుసు ఇసుక దిగింది, వరద గట్టు దాటి నిలిచిన చోట మెత్తటి ఒండ్రు, మడ అడవులూ ఉప్పుటేళ్ళూ ఉన్న చోట నల్ల బంక. ఆరేడు వేల ఏళ్ళ కిందట సముద్రం కొల్లేరు దాకా ఉండేది, అప్పుడు పేరుకున్న బంకలో ఉప్పునీళ్ళు కూడా అలాగే ఇరుక్కుపోయాయి. అందుకే తీరానికి 20 కిలోమీటర్లు లోపలున్న ఊళ్ళో కూడా ఉప్పు తగులుతుంది, సముద్రం ఊరి మీదకి వచ్చేస్తోందేమోనని పాపం జనం హడలిపోతారు. చాలా చోట్ల అది పాత ఉప్పే, నిన్న వచ్చింది కాదు.

మంచినీళ్ళు పైనున్న పాత పాయల ఇసుకలోనూ, ఇసుక మెరకల్లోనూ ఉంటాయి. వాన నీరు ఇంకి ఉప్పునీటి మీద తేలుతుంది. ఉత్త ఇసుకలో అయితే సముద్ర మట్టం కన్నా 1 మీటరు ఎత్తున మంచినీళ్ళు నిలిస్తే కింద సుమారు 40 మీటర్ల దాకా ఉంటాయని లెక్క, అంటే పెద్ద మోటారు పెట్టి పైన కొంచెం లాగేసినా కింద ఉప్పు ఎంత పైకి లేస్తుందో చూసుకోండి.

ఆ కొబ్బరి రైతు తోటకి వెళ్ళాను. బోరులోంచి వచ్చిన మట్టిని గోనెపట్టా మీద వరసగా పోసి ఉంచారు, మంచి పని చేశారు. మొదటి కుప్పలు పసుపు ఇసుక, కాకిబంగారం ఎండకి తళుక్కుమంటోంది. 50 అడుగుల దగ్గర నుంచి నల్లగా, వేళ్ళకి అంటుకుని కుళ్ళు వాసన, మధ్యలో గోరంత గుల్లలు. నేను చిటికెడు పంటి కింద పెట్టి చూస్తాను, కరకరలాడితే ఒండ్రు, వెన్నలా జారితే బంక. అది జారింది. డ్రిల్లింగ్ కుర్రాళ్ళు అక్కడ ఆగి ఉంటే సరిపోయేది, ఎవరూ వాళ్ళకి చెప్పలేదు.

మట్టీ రాళ్ళ గురించి నేను వినే మిగతా అపోహలు గబగబా. సింగరేణి బొగ్గు అడవి తగలబడి అయింది కాదు, బురద నేలల్లో గాలి తగలకుండా పూడిపోయిన చెట్లు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకీ అగ్నిపర్వతానికీ సంబంధం లేదు, గాలీ నీరూ పోగేసిన ఇసుక, తర్వాత ఇనుము తుప్పుతో ఎర్రబడింది. ఇంక "ఇసుక ఎంత తవ్వినా వరదకి మళ్ళీ వచ్చేస్తుంది" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, కృష్ణలో గరుసు ఇసుక శ్రీశైలం, సాగర్ రిజర్వాయర్లలోనే దిగిపోతుంటే కిందకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

మళ్ళీ ఆ కోనసీమ బోరు సంగతికి వస్తే, దాన్ని అలా వదిలేస్తే కింద ఉప్పు కేసింగ్ గొట్టం పక్క నుంచి పైకెక్కి చుట్టుపక్కల ఫిల్టర్ పాయింట్లనీ పాడు చేస్తుంది. అందుకే అడుగు నుంచి సిమెంటు, బంకమట్టితో మూయించాం. పాత పాయింటుకి చిన్న మోటారు పెట్టి పొద్దున గంట, సాయంత్రం గంట తోడమన్నాను, వాన నీళ్ళు ఇంకడానికి తోటలో గుంటలు తవ్వమన్నాను. ప్రస్తుతానికి చెట్లకి సరిపోతున్నాయట.