హామర్ హారర్ సినిమాల్లో మనవాళ్ళు విలన్లలా ఎందుకు కనిపిస్తారు

హామర్ అనే బ్రిటిష్ కంపెనీ 1966లో తీసిన 'ది రెప్టైల్' అనే హారర్ సినిమాలో ఒక సీన్ ఉంది. ఇంగ్లండ్‌లో ఎక్కడో మూల కార్న్‌వాల్ పల్లె, అక్కడ డాక్టర్ ఫ్రాంక్లిన్ ఇల్లు, కూతురు ఆనా అతిథుల ముందు కూర్చుని సితార్ వాయిస్తుంటుంది. తండ్రి తట్టుకోలేక ఆ సితార్‌ని పగలగొట్టేస్తాడు. కథ ప్రకారం ఆమెకి శాపం తగిలింది బోర్నియోలో, పాముల్ని కొలిచేవాళ్ళ వల్ల. మరి మన సితార్ ఎందుకొచ్చింది? తూర్పు దేశాలన్నీ ఆ సినిమా తీసినవాళ్ళకి ఒకటే కాబట్టి. ఆ తీగలు మోగగానే చూసేవాళ్ళకి భయం పుట్టాలని తీసిన సీన్ అది, చూసిన ప్రతిసారీ నా మనసు చివుక్కుమంటుంది.

ఇదే హామర్ కంపెనీ 1959లో నేరుగా మన దేశం కథతోనే 'ది స్ట్రాంగ్లర్స్ ఆఫ్ బాంబే' తీసింది. కాళికాదేవి విగ్రహం, బట్టతో పీక నులిమే థగ్గులు, తెల్ల కెప్టెన్‌ని నేలకి కట్టేస్తే పాకుతూ వచ్చే తాచు, దాన్ని చంపే అతని పెంపుడు ముంగిస, అన్నీ ఇంగ్లండ్‌లోని బ్రే స్టూడియోలోనే. ప్రధాన పూజారిగా వేసింది సైప్రస్‌లో పుట్టిన జార్జ్ పాస్టెల్, అదే ఏడాది 'ది మమ్మీ'లో ఈజిప్టు వాడి వేషమూ ఆయనదే.

ఈ థగ్గుల బొమ్మని హామర్ వాళ్ళు కొత్తగా గీయలేదు. 1830లలో విలియం స్లీమన్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి, దారిదోపిడీ గుంపుల్లో కొందరిని అప్రూవర్లుగా మార్చి, వాళ్ళు చెప్పినవాటితో ఫైళ్ళు నింపాడు. దోపిడీలు, హత్యలు నిజంగానే జరిగాయి. కానీ దేశమంతా అల్లుకున్న ఒకే కాళీ మతం అన్న చిత్రం చాలావరకు ఆ ఫైళ్ళలోనే తయారైందని తర్వాతి చరిత్రకారులు గట్టిగా వాదించారు. 1836 చట్టంతో, థగ్గుల ముఠాలో ఉన్నాడని తేలితే చాలు, యావజ్జీవ శిక్ష. 1839లో, మన హైదరాబాద్ నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ ఒక థగ్గు ఒప్పుకోలు రూపంలో నవల రాస్తే లండన్‌లో ఎగబడి చదివారు. ఫైలు నుంచి నవలకి, నవల నుంచి తెరకి, ఇదీ ఆ బొమ్మ నడిచిన దారి.

అది కథల్లోనే ఆగి ఉంటే వేరు. ముఠాలో ఉంటే చాలు నేరమే అన్న ఆ ఆలోచనే, పుట్టుకతోనే నేరస్తులుంటారన్న దాకా వెళ్ళి, 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టంగా మారింది, 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాల్ని తెచ్చి కాపలాలో పెట్టిన స్టువర్టుపురం మన బాపట్ల పక్కనే ఉంది. చట్టాన్ని 1952లో ఎత్తేశారు, ఊరి పేరుకి అంటిన మచ్చ మాత్రం చాలాకాలం పోలేదు.

ఇక నటుల సంగతి. హామర్ డ్రాక్యులాగా పేరుపడ్డ క్రిస్టఫర్ లీ 1965 నుంచి 1969 దాకా, హామర్‌వి కాని ఐదు బయటి సినిమాల్లో మేకప్ వేసుకుని చైనా విలన్ ఫూ మంచూ అయ్యాడు, పక్కన అతని కూతురిగా నిజమైన చైనీస్ నటి సై చిన్ నటించింది. అంటే ఆసియా నటులు దొరక్క కాదు, పెద్ద వేషం వాళ్ళకి ఇవ్వలేదంతే. 1974లో హాంకాంగ్ షా బ్రదర్స్‌తో కలిసి హామర్ తీసిన 'ది లెజెండ్ ఆఫ్ ది సెవెన్ గోల్డెన్ వాంపైర్స్'లో డేవిడ్ చియాంగ్‌కి హీరోలాంటి పాత్ర దొరికింది, కానీ అప్పటికి హామర్ పని అయిపోవచ్చింది.

కలకత్తాలో పుట్టిన నటుడు మార్న్ మైట్‌లాండ్ హామర్ సినిమాల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాడు. 'ది రెప్టైల్'లో ఆ ఇంట్లో ఉండి తండ్రీకూతుళ్ళని ఆడించే మనిషి ఆయనే. కథంతా అతని చేతిలోనే ఉంటుంది, కానీ పాత్రల పట్టికలో అతనికి పేరు లేదు, 'మలయ్' అని, అంటే మలయ్ జాతి వాడని మాత్రం వేశారు.