రాత్రి తొమ్మిదింటి కరెంటు

కుషాయిగూడలో మా మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లున్నాయి. మే నెలలో మధ్యాహ్నం పైకెళ్లి ఇన్వర్టర్ చూస్తే 2.4 కిలోవాట్లని కనిపిస్తుంది. చూసినప్పుడల్లా సంతోషమే. సాయంత్రం ఐదు దాటాక ఆ అంకె దిగజారుతూ వస్తుంది, ఏడింటికల్లా సున్నా. స్లాబు మాత్రం పగలంతా తాగిన ఎండను అప్పుడే వదలడం మొదలుపెడుతుంది. రాత్రి తొమ్మిదింటికి మా వీధిలో ఏసీ నడవని ఇల్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అణువిద్యుత్తు మంచిదా, సోలార్ మంచిదా అని ఎవరైనా వాదిస్తుంటే నాకు ఈ తొమ్మిదింటి కరెంటే గుర్తొస్తుంది. పగటి కరెంటు విషయంలో సోలార్‌తో పోటీ పడటం కష్టం. 2017లో రాజస్థాన్‌లోని భడ్లా సోలార్ పార్కు వేలంలోనే యూనిట్ 2.44 రూపాయలకు దిగింది. పోటీ అంతా చీకటి పడ్డాకే. ఇవాళ ఆ వేళకు మనకు ప్రధానంగా కరెంటు ఇస్తున్నది బొగ్గు. కాబట్టి అణువిద్యుత్తును ముందు పోల్చాల్సింది దానితోనే.

మా ఇంటికి దగ్గర్లోనే, ఈసీఐఎల్ చౌరస్తా దాటితే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. దేశంలోని భారజల రియాక్టర్లకు, అంటే మామూలు నీళ్ల కంటే కాస్త బరువైన నీళ్లు వాడే రియాక్టర్లకు, ఇంధనం తయారుచేసేది అక్కడే. 220 మెగావాట్ల రియాక్టర్‌లో వేసే ఇంధన బండిల్ ఒకటి ఎలా ఉంటుందంటే, జిర్కోనియం మిశ్రమంతో చేసిన 19 సన్నని గొట్టాలు, వాటి నిండా వేలికొసంత యురేనియం ఆక్సైడ్ బిళ్లలు. పొడవు అర మీటరు. బరువు చిన్న బియ్యం బస్తా కంటే ఎక్కువుండదు.

దీన్నుంచి ఎంత కరెంటు వస్తుందో కాగితం మీద లెక్క వేశాను. బండిల్‌లో యురేనియం సుమారు 13 కిలోలు. రియాక్టర్‌లో అది ఇచ్చే వేడిలో మూడో వంతు కన్నా కాస్త తక్కువే కరెంటుగా మారుతుంది. అయినా దాదాపు 6 లక్షల యూనిట్లు తేలింది. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లు 250 ఉంటే, వాటికి ఏడాదంతా సరిపోతుంది. అదే కరెంటు బొగ్గు నుంచి కావాలంటే, యూనిట్‌కు 700 గ్రాముల చొప్పున 420 టన్నులు కాల్చాలి. అంటే ఏడు గూడ్స్ వ్యాగన్లు. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే కాబట్టి కనీసం 140 టన్నుల బూడిద మిగులుతుంది, దాన్ని చెరువుల్లో నింపుతూ పోవాలి. ఇక పొగగొట్టం లోంచి వెళ్లిపోయేది మన ఊపిరితిత్తుల్లోకి, వాతావరణంలోకి చేరుతుంది.

ఈ నష్టం పత్రికల మొదటి పేజీకి ఎక్కదు. ప్రమాదాలు, గాలి కాలుష్యం రెండూ కలిపి పరిశోధకులు వేసిన అంచనాల్లో, 100 కోట్ల యూనిట్ల కరెంటుకు బొగ్గు వల్ల పోయే ప్రాణాలు సుమారు 25. అణువిద్యుత్తు వల్ల పోయేవి 0.03, సోలార్ వల్ల 0.02. చెర్నోబిల్, ఫుకుషిమా కూడా కలిపిన లెక్క ఇది. నీటి కరెంటుకూ ప్రమాదం లేకపోలేదు. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి తొమ్మిది మంది చనిపోయారు.

అయినా జనం రియాక్టర్ అంటే భయపడటాన్ని నేను తప్పు పట్టను. కట్టెల పొయ్యిలోంచి కట్టెలు లాగేసినా నిప్పులు చాలాసేపు కణకణలాడుతూనే ఉంటాయి కదా, రియాక్టర్ కూడా అంతే. ఆపేసిన క్షణాన కూడా పూర్తి వేడిలో 6 శాతం దాకా పుడుతూనే ఉంటుంది. 700 మెగావాట్ల రియాక్టర్‌లో అది 130 మెగావాట్ల వేడి. గంటల్లో బాగా తగ్గుతుంది గానీ సున్నా కాదు, రోజుల తరబడి నీళ్లు తిరుగుతూనే ఉండాలి. 2011లో ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు ఆగిపోయాయి, అక్కడిదాకా అంతా అనుకున్నట్టే జరిగింది. ఆ తర్వాత సునామీ వచ్చి డీజిల్ జనరేటర్లను ముంచేసింది. పంపులు ఆగాయి, లోపలి ఇంధనం కరిగింది. లక్షమందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లారు. రేడియేషన్ కంటే ఆ తరలింపే ఎక్కువమంది ముసలివాళ్లను బలి తీసుకుంది. అలా ఊళ్లు ఖాళీ అయిపోవడం ప్రాణాల లెక్కలో కనిపించదు.

అణువిద్యుత్తుకున్న అసలు బలం ఆగకుండా నడవడం. కర్ణాటకలోని కైగాలో మొదటి రియాక్టర్ 2018 చివరికి 962 రోజులు ఏకబిగిన నడిచింది, అప్పటికి అది ప్రపంచ రికార్డు. బలహీనత ఆలస్యం. గుజరాత్‌లో కాక్రపార్ మూడో రియాక్టర్ పని 2010లో మొదలైతే, వాణిజ్య ఉత్పత్తి 2023లో గానీ మొదలవలేదు. ఈ పదమూడేళ్లూ అప్పు మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, అవతల బొగ్గు కాలుతూనే ఉంటుంది. ఈలోగా పగటి సోలార్‌ను రాత్రికి దాచే దారులూ వచ్చాయి. పగటి కరెంటుతో నీళ్లు పైకి ఎక్కించి, రాత్రి వాటిని కిందికి వదిలి మళ్లీ కరెంటు తీయడం అందులో ఒకటి. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టున నీటిని తిరిగి పైకి ఎక్కించగల యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఇందుకోసమే 1,680 మెగావాట్ల ప్రాజెక్టు చేపట్టారు. నూరు యూనిట్లు పెట్టి నీళ్లు ఎక్కిస్తే 75 నుంచి 80 తిరిగొస్తాయి. ఒక రాత్రికి ఇది బాగా పనికొస్తుంది. జులైలో వారం రోజులు ముసురు పట్టిందంటే మాత్రం దాచుకోవడానికి ఏమీ ఉండదు, అప్పుడు మా ప్యానెళ్లు కూడా దండగే.

అందుకే నా మటుకు నేను సోలార్, నీటి నిల్వ ఎంత వీలైతే అంత కట్టుకుంటూ పోవాలంటాను. వాటికి అందని భాగంలో బొగ్గును తప్పించడానికి అణువిద్యుత్తు కావాలి. సోలార్ డబ్బు మళ్లించి రియాక్టర్ కడతామంటే మాత్రం ఒప్పుకోను.

ఇదంతా చెబితే మా అమ్మ ఒకటే అడిగింది, "మరి మన వీధి చివర పెడతామంటే ఒప్పుకుంటావురా?"

నిబంధనలే ఒప్పుకోవు. రియాక్టర్ చుట్టూ కిలోమీటరు మేర ఎవరూ కాపురం ఉండకూడదు, 16 కిలోమీటర్ల దాకా అత్యవసర ప్రణాళిక ఉండాలి. కుషాయిగూడ నుంచి అంత దూరం గీత గీస్తే ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్ అన్నీ లోపలే. నగరం కాలుకు మట్టి అంటకుండా కరెంటు మాత్రం తీసుకుంటుంది. యురేనియం ఖనిజంలో కొంత కడప జిల్లా తుమ్మలపల్లెది. అక్కడి రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. భారజలం మణుగూరులో తయారవుతుంది. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్లు ప్రతిపాదించారు. అవి వస్తే ఇల్లూ తీరమూ వదలాల్సింది అక్కడి మత్స్యకారులు.

అమ్మకు ఏం చెప్పాలో చాలాసేపు తోచలేదు. చివరికి నాకు తెలిసింది చెప్పాను. మన ఏసీ కోసం వాళ్ల ఊరు అడుగుతున్నప్పుడు, సముద్రం దగ్గరే ఉండేలా ఇళ్లు ముందు కట్టి ఇవ్వాలి, తర్వాతే పునాది తీయాలి. గాలిలో, నీళ్లలో, చేపల్లో రేడియేషన్ ఎంతుందో ఆ ఊరివాళ్లు నమ్మే మనిషి చేత కొలిపించి, ఆ అంకెలు ప్రతి రోజూ తెలుగులో పంచాయతీ గోడ మీద రాయించాలి.