ఫోటోలో మనిషి కనిపించాలంటే

చిరంజీవులు బుజ్జికీ, చిన్నికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్ని అడిగిన దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేక ఉత్తరం రాస్తానన్నాను. బడిలో కొత్త గుర్తింపు కార్డు ఇచ్చారట. దాని మీది ఫోటోలో కళ్లూ ముక్కూ జడలూ అన్నీ తనవే, అయినా "అది నేను కాదు తాతయ్యా" అంది. కెమెరా ఉన్నది ఉన్నట్టే తీస్తుంది కదా, మరి నేను నాలా ఎందుకు లేను అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ఇంచుమించు నూట డెబ్బై ఏళ్ల కిందట పారిస్‌లో ఒకాయన సరిగ్గా ఈ ప్రశ్న పట్టుకునే లోకమంతా పేరు తెచ్చుకున్నాడు.

ఆయన్ని నదార్ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు గాస్పార్ ఫెలిక్స్ తూర్నషోన్. కుర్రకారు సరదాకి మాటల చివర "దార్" తగిలించి మాట్లాడుకుంటుంటే తూర్నషోన్ కాస్తా తూర్నదార్ అయి, చివరికి నదార్ మిగిలింది. 1820లో పుట్టాడు. నాన్న పుస్తకాలు అచ్చువేసే వ్యాపారం చేసి చితికిపోయాడు. పిల్లవాడికి పదిహేడేళ్లు వచ్చేసరికి ఆ నాన్న కూడా పోయాడు. లియోన్‌లో మొదలుపెట్టిన వైద్యం చదువు మధ్యలో ఆగింది. ఇంట్లో తల్లి, తమ్ముడు. పత్రికలకు రాశాడు, అది చాలక బొమ్మలు వేశాడు. మీ నాన్న పేపరు తెరవగానే ముందు చూసే కార్టూన్లున్నాయే, ఆ రకం బొమ్మలు. 1850లో అప్పు తీర్చలేక కొన్నాళ్లు జైల్లో కూడా ఉన్నాడు.

1854లో ఒక పెద్ద పని తలకెత్తుకున్నాడు. ఫ్రాన్సులో పేరున్న రచయితలంతా బారులు తీరి నడుస్తున్నట్టు ఒకే పెద్ద కాగితం మీద గీసి అచ్చు వేయించాడు. సుమారు 250 మంది! తలలు పెద్దవి, ఒళ్లు చిన్నవి, ఎవరి మొహం వాళ్లదే. అలాంటివి 4 కాగితాలు వేసి 1000 మందిని ఎక్కించాలని ఆశపడ్డాడు గాని, మొదటి దానితోనే డబ్బు అయిపోయింది. బొమ్మలు వేసేటప్పుడు చూసుకోవడానికి పనికొస్తాయని మొహాల ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. ఫోటో అనేదే అప్పటికి కొత్త. 1839లో లోకానికి తెలిసింది, అంతే. అలా కార్టూన్ కోసం పట్టుకున్న కెమెరా ఇక ఆయన చెయ్యి వదల్లేదు.

ఇక్కడ మా గేదె సంగతి చెప్పాలి.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పాడి గేదె ఉండేది. దానికి మా అమ్మ చెయ్యే అలవాటు. ఇంకా వెలుగు రాకముందే అమ్మ కుడితి బకెట్టు తెచ్చి దాని ముందు పెట్టేది. మెడ కింద గోకుతూ ఏవేవో కబుర్లు చెప్పేది. రాత్రి వాన పడిందనో, మావాడికి దగ్గు తగ్గలేదనో, గేదెకి అన్నీ అర్థమవుతున్నట్టే. దూడ పలుపు పట్టుకోవడం నా పని. అమ్మ కళ్లతో సైగ చేస్తే వదిలేవాణ్ని. అది పరుగెత్తి పొదుగును రెండు కుమ్ములు కుమ్మేది. అప్పుడు గేదె చేపేది. అంతవరకూ వడిలినట్టున్న పొదుగు బిగిసేది, చెంబు అడుగున మొదటి ధార జయ్యిమని మోగేది. అమ్మ ఊళ్లో లేనప్పుడు మా పిన్ని అదే చెంబుతో, అదే చోట కూర్చుని పితికేది. గేదె తోక విసిరి, కాలు జాడించి, పాలు ఎగచేపేది. చెంబులో పావు వంతు కూడా పడేది కాదు. పాలు లేకనా? ఉన్నాయి. ఆ చేతికి ఇవ్వబుద్ధి కాలేదు, అంతే.

మనిషి మొహం కూడా చేపాలి చిన్నీ. నిన్ను వరసలో నిలబెట్టి, "తలెత్తు, కదలకు, ఊ, తరవాత" అన్నారు. నీ మొహం ఎగచేపింది. కళ్లూ ముక్కూ పడ్డాయి, నువ్వు పడలేదు.

నదార్ స్టూడియోకి ఎవరైనా వస్తే ముందు కబుర్లు. చాలామంది ఎలాగూ ఆయన స్నేహితులే, కలిసి తిని తాగినవాళ్లే, ఆయన కార్టూన్లలోకి ఎక్కినవాళ్లే. మనిషి పొడుగు, ఎర్ర జుట్టు, గట్టి గొంతు, ఊరంతా తెలుసు. ఆ రోజుల్లో మిగతా స్టూడియోల్లో వెనక రాజభవనం బొమ్మ ఉన్న తెర, పక్కన పూలకుండీ, తల కదలకుండా మెడ వెనక ఇనుప కమ్మీ ఉండేవి. దిస్దెరీ అనే ఆయన ఒకే పలక మీద ఎనిమిదేసి చిన్న ఫోటోలు తీసి చవగ్గా అమ్ముతూ బాగా గడించాడు. నదార్ ఆ హంగులన్నీ తీసేశాడు. వెనక ఉత్త గోడలాంటి తెర, పైనున్న అద్దాల కప్పు నుంచి వెలుగు. ఆ వెలుగును ఒక చెంప మీదికి ఒంచడానికీ, రెండో చెంపను కాస్త నీడలో ఉంచడానికీ తెరలు అటూ ఇటూ జరిపేవాడు. ఇవన్నీ కుడితీ, మెడ గోకడమూ అనుకోండి. దూడ ఎవరంటే ఆయన మాటలే.

పైగా ఆ రోజుల్లో ఫోటో తీయడం ఎప్పుడంటే అప్పుడు కుదరదు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు మందు పోసి, వెండి కలిసిన ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, వెంటనే చీకటి గదిలో కడగాలి. ఆరిందా, పలక పనికిరాదు. చేపు కూడా కాసేపే కదా! పలక తడిగా ఉన్న ఆ కాసేపట్లోనే మొహం కూడా చేపాలి. ఈ రెండూ కలిసిన ఫోటోలు ఆయన అన్నేసి ఎలా తీశాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆయనకు తమ్ముడితో ఒక తగాదా వచ్చింది. తమ్ముడు అద్రియాన్ కూడా నదార్ పేరు పెట్టుకుని వేరే స్టూడియో నడిపాడు. అన్న కోర్టుకెక్కి 1857లో పేరు దక్కించుకున్నాడు. అన్నదమ్ములు కోర్టుకెక్కడం నాకు నచ్చదు, మీరిద్దరూ ఎప్పుడూ అలా చేయకండి. కానీ ఆ కేసులో నదార్ చెప్పిన మాట మాత్రం నాకు చాలా ఇష్టం. ఫోటోగ్రఫీ సిద్ధాంతం గంటలో నేర్చుకోవచ్చు, పని ఒక రోజులో పట్టుబడుతుంది. వెలుగు పోకడ కనిపెట్టడం, ఎదుట కూర్చున్న మనిషి లోపలి తీరు ఇట్టే అందుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేరు అన్నాడు.

సారా బెర్నార్ అనే ఆవిడ తరవాత ప్రపంచమంతా ఎరిగిన నటి అయింది. ఆయన దగ్గర ఫోటో దిగేనాటికి, 1864 ప్రాంతంలో, ఇరవై ఏళ్ల పిల్ల. అప్పటికి ఇంకా ఎవరికీ పట్టదు. ఒక పెద్ద వస్త్రం చుట్టుకుని, భుజం మీంచి అది జారుతుంటే, ఒక స్తంభానికి ఆనుకుని ఎటో చూస్తుంటుంది. నగలంటూ లేవు, చెవికి ఒక చిన్న పోగు. ఆ గుడ్డ మడతలు చూసి, తరవాత కళ్లు చూడండి. ఈ పిల్ల ముందు ముందు ఏమవుతుందో ఆమెకి తెలియదు, ఫోటో తీసినాయనకి తెలియదు, మొహానికి మాత్రం తెలిసినట్టుంటుంది. అదే ఏడు రచయిత్రి జార్జ్ సాండ్‌ని తీశాడు. అరవై ఏళ్ల పెద్దావిడ, చారల గౌను, మధ్య పాపిడి, బరువైన కనురెప్పలు. ముడతలు దాచాలని ఎవరూ ప్రయత్నించలేదు. మా అమ్మ పని ముగించుకుని అరుగు మీద కూర్చున్నట్టే ఉంటుంది.

అందరూ ఇంత ధైర్యంగా కూర్చునేవాళ్లు కాదు. మా నాయనమ్మ ఫోటో అంటే చాలు, "ఆయుష్షు తగ్గుతుందిరా" అని లోపలికి వెళ్లిపోయేది. పల్లెల్లో ఆ కాలపు ఆడవాళ్లు చాలామంది అదే మాట అనేవారు. పెద్దయ్యాక నదార్ సంగతులు చదువుతుంటే, బాల్జాక్ అంతటి రచయితకి కూడా ఇదే భయమని తెలిసింది! మనిషి ఒళ్లంతా పొరలు పొరలుగా ఉంటుందనీ, ఫోటో తీసినప్పుడల్లా ఒక్కో పొర ఊడి ఆ పలకకి అంటుకుపోతుందనీ ఆయన నమ్మాడని నదార్ తన జ్ఞాపకాల్లో రాశాడు. ఎక్కడి పారిస్, ఎక్కడి మా నాయనమ్మ! ఇద్దరినీ వెక్కిరించకండి. ఫోటోలోకి మనలోంచి ఏదో వెళుతుందని వాళ్లకి తోచింది. నదార్ తీసినవి చూస్తే నాకూ అలాగే తోస్తుంది.

1860లో ఊరి నడిబొడ్డున, కపూసీన్ బులవార్ అనే వీధిలో పెద్ద స్టూడియో పెట్టాడు. ఎదర తన పేరు ఎర్రగా గ్యాసు దీపాలతో వెలిగేది. ఖర్చు తడిసి మోపెడైంది. ఆయన ఖాళీ చేశాక 1874లో, ముప్ఫై మంది చిత్రకారులు అక్కడే తమ బొమ్మలు పెట్టుకున్నారు. మోనే, రెన్వార్, దెగా వాళ్లలోని వారే. జనం నవ్విపోయిన ఆ బొమ్మలే ఇప్పుడు మ్యూజియముల్లో ఉన్నాయి.

బుజ్జికి గాలిబుడగలంటే ఇష్టం కాబట్టి ఇదీ చెబుతాను. 1858లో పెద్ద బెలూన్ ఎక్కి పైనుంచి నేలను ఫోటో తీయబోయాడు. బుట్టలోనే చీకటి గుడారం కట్టుకున్నాడు. ఎన్నిసార్లు తీసినా పలకలు నల్లబడిపోయాయి. కారణం తరవాత తెలిసింది. బెలూన్ మూతిలోంచి కిందికి కారే గ్యాసే పలకల మీది మందును పాడుచేస్తోంది. ఆ మూతి మూసేసి తీశాడు, పెతీ బిసెత్ర్ అనే పల్లె పలకమీద కొద్దిగా పడింది. ఆకాశంలోంచి తీసిన మొదటి ఫోటో అదే. 1861 నుంచి పారిస్ నేల కిందికి దిగి, ఎముకలు పేర్చిన సొరంగాలనూ తరవాత మురుగు కాల్వలనూ విద్యుత్ దీపాలతో తీశాడు. ఒక్కో ఫోటోకి పద్దెనిమిది నిమిషాల దాకా పట్టేది. మనిషి అంతసేపు కదలకుండా ఉండలేడని కూలీల బట్టలు తొడిగిన బొమ్మలను నిలబెట్టాడు. 1863లో "జెయాం" అని రాక్షసి బెలూన్ కట్టాడు. అది రెండోసారి ఎగిరినప్పుడు జర్మనీలో దిగలేక గాలికి ఈడ్చుకుపోయింది. ఆయనా, భార్య ఎర్నెస్తీనా దెబ్బలు తిన్నారు. 1870లో శత్రువులు పారిస్‌ని చుట్టుముడితే, ఊళ్లోంచి ఉత్తరాలు బయటికి పంపడానికి ముందుకొచ్చి బెలూన్లు ఎగరేయించిన వాళ్లలో ఆయనొకడు.

నా మనసు మాత్రం ఆ మొహాల దగ్గరే ఉండిపోతుంది. 1886లో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు నూరేళ్లు నిండాయి. నదార్ ఎదురుగా కూర్చుని ఆయనతో మాట్లాడుతుంటే, కొడుకు పోల్ పక్క నుంచి ఫోటోలు తీశాడు. అప్పటికి పొడి పలకలు వచ్చాయి, క్షణంలో పడిపోతుంది. ముసలాయన చెయ్యెత్తి వాదిస్తుంటాడు, ఆలోచిస్తుంటాడు, మళ్లీ ముందుకు వంగుతాడు. ఫోటోల కింద ఆయన అన్న మాటలు పెట్టి పత్రికలో వేశారు. అన్నాళ్లూ మాటలతో మొహాన్ని చేపించినవాడు, ఆ మాటలనే ఫోటో పక్కన కూర్చోబెట్టాడు.

ఆయన 1910 దాకా బతికాడు. ఫ్రాన్సుకీ ఇంగ్లండుకీ మధ్యనున్న సముద్రపు పాయను విమానం దాటిన రోజులు కూడా చూశాడు.

ఇక మీరు చేయాల్సింది. నదార్ తీసిన సారా బెర్నార్, జార్జ్ సాండ్ ఫోటోలు మీ నాన్న ఫోన్లో వెతికి, పెద్దవి చేసి, తొందరపడకుండా చూడండి. తరవాత ఆదివారం పొద్దున ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు మీ అమ్మమ్మను కిటికీ పక్కన, ఖాళీ గోడ ముందు కూర్చోబెట్టండి. ఫోన్ వెంటనే ఎత్తకండి. బుజ్జి కబుర్లు అడగాలి, చిన్ని చూస్తూ ఉండాలి. ఆవిడ పుట్టిన ఊరు చెరువు గురించి అడగండి, మీ అమ్మ చిన్నప్పటి అల్లరి గురించి అడగండి. ఎప్పుడు నొక్కాలో నేను చెప్పలేను. మా అమ్మ కళ్లు నాకు సైగ చేసినట్టు, మీ అమ్మమ్మ మొహమే మీకు చెబుతుంది. ఫోటో ప్రింటు వేయించి పోస్టులో పంపండి, ఫోన్లో అయితే నా కళ్లకి ఆనదు. వెనక పెన్సిలుతో, ఆ క్షణాన ఆవిడ ఏం చెబుతోందో రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య