దిద్దుబాటు ఖర్చు

చాట్‌జీపీటీ వంటివాటి వెనకుండే భాషా నమూనా చదివేది మనం రాసిన వాక్యాలనే కదా, దానికి అంత కరెంటు, అన్ని చిప్‌లు ఎందుకని డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు అడిగింది. దీనికి జవాబు 6 అనే అంకెలో ఉంది. అందులో మహిమేమీ లేదు కనుక సంఖ్యాశాస్త్రం వారు ఆశ పెట్టుకోనక్కరలేదు.

2019 నాటి జీపీటీ-2 అనే నమూనాలో పారామీటర్లు 150 కోట్లు. 2020లో వచ్చిన జీపీటీ-3లో 17,500 కోట్లు. పారామీటరంటే నమూనా లోపల ఉండి, చదువుతున్నకొద్దీ సవరించబడే ఒక సంఖ్య, అంతే. ఇవి పొరలు పొరలుగా ఉంటాయి. పాఠ్యాన్ని టోకెన్లుగా, అంటే మాటలుగానో మాటల ముక్కలుగానో విడగొట్టి, ప్రతి టోకెను దగ్గరా తరవాత రాబోయేదేమిటో నమూనా ఊహిస్తుంది. అలా ఊహించడానికి ఒక్కో పారామీటరుతో ఒక గుణకారం, ఒక కూడిక చేయాలి. ఇది పిల్లవాడు పాఠం అప్పజెప్పడం వంటిది. ఇక్కడికి రెండు లెక్కలు.

తరవాత దిద్దుబాటు. ఊహలో దొర్లిన తప్పును చివరి పొర నుంచి మొదటి పొర దాకా వెనక్కి పంపుతూ, ఒక్కో పొరలో రెండు సంగతులు తేల్చాలి: ఆ తప్పులో కింది పొర వాటా ఎంత, ఈ పొరలోని ఒక్కో పారామీటరును ఏ మేరకు సవరించాలి. రెండింటికీ మళ్ళీ చెరొక గుణకారం, చెరొక కూడిక, వెరసి నాలుగు. రెండూ నాలుగూ ఆరు. ఏళ్ళ తరబడి జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి కనుక, అప్పజెప్పడం కన్నా దిద్దడానికి రెట్టింపు శ్రమ అంటే నాకు వింతగా తోచలేదు. (మాటకూ మాటకూ ఉన్న సంబంధాన్ని తూచే, వాక్యం పొడవును బట్టి పెరిగే అటెన్షన్ లెక్కలను వదిలేశాను, ఇంత పెద్ద నమూనాలో వాటి వాటా స్వల్పమే.)

జీపీటీ-3 చదివినవి 30,000 కోట్ల టోకెన్లు. వాటిని 17,500 కోట్లతోనూ, ఆపైన ఆరుతోనూ గుణిస్తే 315 పక్కన 21 సున్నాలు వస్తాయి. ఏడాదికి సెకన్లు సుమారు 3 కోట్ల 15 లక్షలు. భూమ్మీద ఉన్న 800 కోట్ల మందీ నిద్రాహారాలు మాని, సెకనుకొక లెక్క చొప్పున చేసినా 12.5 లక్షల ఏళ్ళు పడుతుంది. సెకనుకు 30 లక్షల కోట్ల లెక్కలు చేసే చిప్ ఒక్కటే అయితే 333 ఏళ్ళు. అలాంటివి వెయ్యి కలిస్తే నాలుగు నెలలు.

పారామీటర్లను మాత్రమే పెంచడం దండగని 2022లో గూగుల్ వారి పరిశోధన సంస్థ డీప్‌మైండ్ చూపింది. వారి చించిల్లా నమూనా 7,000 కోట్ల పారామీటర్లతోనే, 1.4 లక్షల కోట్ల టోకెన్లు చదివి, 28,000 కోట్ల పారామీటర్లున్న వారిదే పాత నమూనా గోఫర్‌ను మించింది. నమూనాతో పాటు చదువునూ పదింతలు చేస్తే ఖర్చు నూరింతలవుతుంది. 2024లో మెటా విడుదల చేసిన లామా 3.1లో పెద్దదానికి 40,500 కోట్ల పారామీటర్లు, 15 లక్షల కోట్లకు పైబడిన టోకెన్లు. అంటే జీపీటీ-3 లెక్కలకు నూరు రెట్ల పైమాటే. అదే ఏడాది చివర చైనా నుంచి వచ్చిన డీప్‌సీక్-వీ3 ఒక ఉపాయం పన్నింది: మొత్తం 67,100 కోట్ల పారామీటర్లున్నా, ఒక్కో టోకెనుకు 3,700 కోట్లే పనిచేస్తాయి. దాదాపు అంతే చదువు లామా ఖర్చులో పదో వంతుతో ముగిసింది.

తయారైన నమూనాను వాడేటప్పుడు దిద్దుబాటు ఉండదు, ఒక్కో టోకెనుకు, ఒక్కో పారామీటరుతో రెండేసి లెక్కలే. అయితే ఈ టోకెన్లను కట్టేది తరచుగా పక్కపక్కనే వచ్చే బైట్లను, అంటే కంప్యూటరు అక్షరాలను దాచుకునే చిన్న ముక్కలను, కలిపి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన ‘అమ్మ’లో అ, మ, పొల్లు, మళ్ళీ మ, ఒక్కోదానికి మూడేసి చొప్పున 12 బైట్లు. తొలినాటి నమూనాలు చూసిన పాఠ్యంలో తెలుగు అతి స్వల్పం కావడంతో ఆ బైట్లు పెద్దగా అతుక్కోక, ఒక్క మాటే పలు టోకెన్లుగా చీలిపోయేది. జీపీటీ-3లో ఆ ముక్కల్లో ప్రతిదానికీ 35,000 కోట్ల లెక్కలు.