కంటికి ఆనేదాకా ఆగండి

వెస్ట్ మాంబళం, చెన్నై
జూన్ మూడో వారం

చిరంజీవులు పెద్దవాడికి, చిన్నదానికి తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం భోజనాలయ్యాక, ఫోటోలు తీయడం నేర్పమని పెద్దవాడు నన్ను అడిగాడు. మీ ఇంటి దగ్గరే మొదలుపెట్టమని నేను అంటే, "పెరుంగుడిలో తీయడానికి ఏముంది తాతయ్యా, అన్నీ అపార్ట్‌మెంట్లే కదా" అని చిన్నది మధ్యలో అందుకుంది. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గానీ ఆ మాట నన్ను వదలడం లేదు. ఫోనులో చెప్పబోతే సగంలోనే మీకు ట్యూషన్ వేళ అవుతుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. అక్షరాలు కూడబలుక్కుంటూనైనా మీరే చదవండి, అమ్మ చేత చదివించుకోవద్దు.

మన భాషలో 'కంటికి ఆనడం' అనే మాట ఉంది. అమ్మమ్మ చేటలో బియ్యం పోసుకుని కూర్చుంటే, రాయి ఆమె కంటికి ఇట్టే ఆనుతుంది. అదే చేట నా చేతికిస్తే పావుగంట వెతికినా నాకు ఆనదు. రాయి ఇద్దరి ముందూ ఉంది, వెలుతురూ ఒకటే, పైగా నా కళ్ళజోడు ఆమె కళ్ళజోడు కంటే కొత్తది. పెరుంగుడిలో ఏముందన్న ప్రశ్నకు నేను చెప్పగలిగిన జవాబు ఆ చేటలోనే ఉంది.

ఇది నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. చెయ్యి పూర్తిగా చాపి బొటనవేలు ఎత్తి పట్టుకోండి. ఆ గోరు వెడల్పు ఎంతో, దాదాపు అంత మేరనే మన కన్ను ఒకసారికి స్ఫుటంగా చూడగలదు. కంటి లోపల వెనకవైపు ఉండే రెటీనా అనే తెర నడుమ ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది, దాని పరిధి సుమారు 2 డిగ్రీలు. దానికి బయట ఉన్నదంతా మసకే. కన్ను అటూ ఇటూ గెంతుతూ ఏరుకొచ్చిన ముక్కలను మెదడు అతుకుతుంది, అలవాటైన చోట పాత జ్ఞాపకంతో ఖాళీలు పూడ్చేసి పని కానిస్తుంది. అందుకే రోజూ ఎక్కి దిగే మెట్లు మనకు కనిపించవు. మీ అంతస్తులో లిఫ్టు పక్క గోడ ఏ రంగో, దాని మీద ఎన్ని స్విచ్చులున్నాయో తలుపు తీయకుండా చెప్పండి చూద్దాం.

నేను స్టూడియోలో పని చేసిన రోజుల్లో 35 మిల్లీమీటర్ల ఫిల్ము చుట్టలో 36 బొమ్మలు పట్టేవి. ఊటీలోని హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ వారి 'ఇందు' చుట్ట ఒకటి కొంటే, దాన్ని పొదుపుగా నెలంతా వాడుకునేవాణ్ణి. పగలంతా నా పని నెగెటివుల మీద సన్నటి పెన్సిలుతో ముఖాలు దిద్దడం. నెగెటివులో నలుపు చేర్చిన చోట ప్రింటులో తెల్లబడుతుంది కాబట్టి, కంటి కింది గుంటలూ నుదుటి ముడతలూ అలా పూడ్చేవాళ్ళం. ఒక్కొక్క ముఖాన్ని అరగంట సేపు భూతద్దంలో చూస్తే తప్ప ఆ పని సాగదు. ఫిల్ము కాలం గొప్పదనీ ఫోను కాలం చెడ్డదనీ నేను అనబోవడం లేదు. ఫోటోలు కడిగే హైపో మందు కంపుతో, చేతుల మీద దద్దుర్లతో గడిచిన ఆ కాలం నాకు మళ్ళీ అక్కర్లేదు. ఖర్చుకు భయపడి ఆగి చూసిన ఆ చూపు ఒక్కటి మాత్రం, భయం లేకుండానే మీకు అబ్బితే బాగుండునని నా ఆశ.

ఇలా ఆగి చూసి ఫోటో తీయడాన్ని ఒక సాధనగా నేర్పేవాళ్ళు ఉన్నారు. టిబెట్టు బౌద్ధ గురువు చోగ్యం ట్రుంగ్పా బోధనలను ఆధారం చేసుకుని మైకేల్ వుడ్ అనే ఫోటోగ్రాఫర్ దీనికొక పద్ధతి ఏర్పరచాడు. దాన్ని 'మిక్సంగ్' అంటారు. టిబెటన్ భాషలో ఆ మాటకు మంచి కన్ను అని అర్థం. ముందు ఏదో ఒకటి మెరుపులా కంటికి తగులుతుంది. తగిలినది సరిగ్గా ఏమిటో తేల్చుకోవాలి. ఆ తర్వాతనే, తగిలినంత మేరకే, దానికి సరిసమానమైన బొమ్మ కట్టాలి. ఇందులో కళ్ళు మూసుకోవలసిన పని గానీ అగరొత్తుల పొగ గానీ లేవు, అందుకే నాకు నచ్చింది.

నడిమి మెట్టు దగ్గరే అందరమూ తడబడతాం. మొన్న ఉదయం పాలకని వెళ్తుంటే, మా వీధి చేతిపంపు దగ్గర వరుసగా పెట్టిన ప్లాస్టిక్ బిందెలు చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. జేబులోంచి ఫోను సగం బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టి నిలబడ్డాను. బిందెలు బాగున్నాయనుకున్నాను, కానీ బిందెలను నేను రోజూ చూస్తూనే ఉన్నాను. పంపు బాగుందా అంటే అదీ కాదు. కాసేపటికి తెలిసింది: ఖాళీ ఆకుపచ్చ బిందె గుండా దూరి వచ్చిన ఎండ, నేల మీద లేత ఆకుపచ్చ మరకగా పడి, బిందె నీడ అంచున వణుకుతున్నది. నన్ను ఆపింది అదే. అప్పుడు వంగి, బిందెలో పావు భాగమూ ఆ మరకా మాత్రం వచ్చేలా ఒకే ఒక్క ఫోటో తీశాను. మొదటే తీసి ఉంటే నలుగురు ఆడవాళ్ళూ ఒక పంపూ ఎనిమిది బిందెలూ వచ్చేవి, మరక రాకపోయేది. ఇంటికి వెళ్ళాక ఎందుకు తీశానో నాకే అర్థమయ్యేది కాదు. ఆవేళ పాలు ఆలస్యంగా తెచ్చినందుకు అమ్మమ్మ చేత చీవాట్లు తిన్న సంగతి వేరు.

ఇక మా మేడ మీది గోడ సంగతి. దీన్ని కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే నేను 11 ఏళ్ళుగా చూస్తున్న గోడ ఇది. మెట్లగదికి ఉత్తరపు వైపున దండెం కట్టడానికి కొట్టిన మేకు ఒకటుంది, గోడ నుంచి సరిగ్గా అంగుళం బయటికి పొడుచుకుని ఉంటుంది. చెన్నై భూమధ్యరేఖకు ఉత్తరాన 13 డిగ్రీల మీద ఉన్నది కాబట్టి, సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు, ఏప్రిల్ నాలుగో వారంలోనూ ఆగస్టు మూడో వారంలోనూ, మిట్టమధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రోజుల్లో నిటారుగా నిలబెట్టిన కర్రకు పక్కన నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య నాలుగు నెలల పాటు మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడలు దక్షిణానికి పడతాయి. మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని చాలామంది అనుకుంటారు. ఢిల్లీ వాళ్ళ విషయంలో అది నిజమే.

కాబట్టి మధ్యాహ్నపు ఎండ ఆ ఉత్తరపు గోడకు తగిలేది ఈ నాలుగు నెలలే, అది కూడా గోడను ఒరుసుకుంటూ పైనుంచి కిందికి జారే ఎండ. మే మొదటి వారంలో అంగుళం మేకుకు అడుగున్నర నీడ నిలువునా వేలాడుతుంది. రోజురోజుకూ అది పైకి కుంచించుకుపోతూ జూన్ 21 నాటికి ఐదున్నర అంగుళాలకు వస్తుంది, అక్కడి నుంచి మళ్ళీ సాగడం మొదలుపెడుతుంది. ఆ కొద్దిసేపు సున్నం పెచ్చులు, చీమల బారు, ఎప్పుడో తాపీమేస్త్రీ తాపీ తిప్పిన అర్ధచంద్రాల గుర్తులు కూడా తలా ఒక నీడ వేసుకుని గోడంతా లేచి నిలబడతాయి. పన్నెండు కొట్టగానే పరుగెత్తకండి. మన గడియారం కాకినాడకు దగ్గరగా వెళ్ళే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తుంది, చెన్నై దానికి పడమరన ఉంది; అందుచేత ఈ రోజుల్లో మన అసలు మధ్యాహ్నం పన్నెండు దాటి పది పదకొండు నిమిషాలకు అవుతుంది. ఈ లెక్కలు నేను పుస్తకంలో చదివి గోడ దగ్గరికి వెళ్ళలేదు. మేకు నీడ మొదటి ఏడాది ఒకలా, రెండో ఏడాది అదే నెలలో మళ్ళీ అలాగే కనిపించేసరికి, కారణం తెలుసుకోవాలనిపించి లెక్క వేసుకున్నాను.

ఫోను గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. కెమెరా తన ముందున్నదాన్ని సగటున మధ్యరకం బూడిద వెలుతురుకు తేవాలని చూస్తుంది. తెల్లవారుజామున తడి నేల మీద వేసిన ముగ్గును తీయబోతే, నల్లటి నేలే ఎక్కువ కనబడుతుంది కాబట్టి ఫోను వెలుతురు పెంచేస్తుంది, ముగ్గు గీతలు సున్నం ఒలికినట్టు చెదిరిపోతాయి. తెర మీద ముగ్గు దగ్గర వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. దండెం మీద ఆరేసిన తెల్ల పంచెను తీసేటప్పుడు ఇదే తారుమారు, గుర్తును పైకి జరపాలి, లేకపోతే పంచె మాసినట్టు వస్తుంది. ఫ్లాష్ కట్టేయండి. వేళ్ళతో జూమ్ చేయకుండా రెండడుగులు ముందుకు నడవండి.

ఫోటో తీస్తే ఆ సంగతి జ్ఞాపకం ఉంటుంది కదా అని పెద్దవాడు అన్నాడు. లిండా హెంకెల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ మాటనే మ్యూజియంలో పరీక్షించి 2014లో ప్రచురించింది. వస్తువులను ఊరికే చూసినవాళ్ళ కంటే, వాటిని ఫోటో తీస్తూ పోయినవాళ్ళకు అవి తక్కువ గుర్తున్నాయట. అయితే వస్తువులోని ఏదో ఒక చిన్న భాగాన్ని దగ్గరగా ఎంచుకుని తీసినప్పుడు జ్ఞాపకం ఏమీ తగ్గలేదు. మెరీనా మీద మీరు తీసిన 300 ఫోటోలలో బెలూన్లు కాల్చే దుకాణం ఎన్నింటిలో ఉందో నేను లెక్కపెట్టాను, 40 దాకా ఉన్నాయి. ఆ దుకాణంవాడు బెలూన్లు ఏ రంగు పక్కన ఏ రంగు కట్టాడో అడిగితే మీరిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

చోటు చాలదన్న మాట మళ్ళీ రాకుండా ఇంకొకాయన గురించి చెబుతాను. చెక్ దేశస్థుడు యోసెఫ్ సుడెక్ మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఒంటి చేత్తో పెద్ద పెట్టె కెమెరా మోస్తూ ప్రాగ్ నగరమంతా తిరిగి ఫోటోలు తీశాడు. 1940లో, నగరం జర్మనీ సైన్యం చేతిలో ఉన్న కాలంలో, తన స్టూడియో కిటికీని తీయడం మొదలుపెట్టి 1954 దాకా దాన్నే తీస్తూ ఉన్నాడు. అద్దం మీద పట్టిన చెమ్మ, మంచు, బయటి వంకర చెట్టు, గూట్లో ఒక గ్లాసు, అంతే ఆయన లోకం. మీ వంటింటి కిటికీ దానికంటే పెద్దది.

మనుషుల విషయంలో మాత్రం ఆగడం మరీ అవసరం. నాకు 22 ఏళ్ళప్పుడు పాండీ బజారులో పూలమ్మే ఒకామెను, ముఖం మీద గంప నీడ పడిన తీరుకు మురిసిపోయి, అడగకుండా ఫోటో తీశాను. ఆమె చూసింది, ఏమీ అనకుండా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. రాత్రి డార్క్ రూంలో ఎర్ర దీపం కింద ఆ ముఖం డెవలపరు పళ్ళెంలో మెల్లగా పైకి తేలుతుంటే నాకు దొంగతనం చేసినట్టనిపించింది. మరునాడు ప్రింటు తీసుకెళ్ళి ఆమె చేతికిచ్చి తప్పయిందన్నాను. ఆమె చాలాసేపు చూసి, "నా పూలేవీ?" అని తమిళంలో అడిగింది. ఫోటోలో ముఖం ఉంది, పూలు లేవు. ఆవేళ ఆమె అనుమతితో పూలతో సహా మరొకటి తీసి ఇచ్చాను. నేను దాచుకున్నది ఆ రెండోదే. మీరు వాచ్‌మన్‌ను గానీ, ఇస్త్రీ బండివాణ్ణి గానీ, కింద ఆడుకునే పిల్లలను గానీ ముందుగా అడగండి. వద్దంటే సరేనని వచ్చేయండి. ఎదుటి ఫ్లాట్ల కిటికీల జోలికి అసలు పోవద్దు.

వచ్చే ఆదివారం పదకొండున్నరకల్లా ఇక్కడికి చేరండి. ఫోన్లు అమ్మమ్మ దగ్గర పెట్టి మనం ముగ్గురమూ మేడ ఎక్కుదాం. నేల పేలిపోతుంటుంది కాబట్టి చెప్పులు విప్పవద్దు. చిన్నది స్కేలు తెచ్చుకోవాలి, మేకు నీడ కొలవడం దాని పని. పావుగంట చూశాక ఎవరికి ఏది ఆనిందో ఒకరికొకరు చెప్పుకుని, అప్పుడు పెద్దవాడు కిందికి దిగి ఫోన్లు తెస్తాడు. ఆగస్టు మూడో వారం దాటితే మధ్యాహ్నపు ఎండ ఆ గోడను విడిచి వెళ్తుంది, మళ్ళీ ఏప్రిల్ చివరిదాకా అటు తిరిగి చూడదు.

ఇట్లు,
మీ తాతయ్య